మినుముకి పథ్యం

ధవళేశ్వరంలో పప్పుల కొట్టు జోగేశ్వరరావుకి గొప్పలు చెప్పుకోవడానికి పొలాల్లేవు, మేడల్లేవు. ఉన్నదల్లా ఒక పిల్లి. కొట్లో ఎలుకల బాధ పడలేక తెచ్చిపెట్టుకున్న నల్ల పిల్లి అది, పేరు మినుము. "మా మినుము నీసు ముట్టదండీ. పాలూ, పెరుగన్నమే. మా ఇంటి ఆచారం దానికీ అబ్బింది" అని కందిపప్పు తూచినప్పుడల్లా చెప్పేవాడు. మరి ఎలుకల సంగతేంటని ఎవరైనా అడిగితే, "చంపుతుందంతే, తినదండీ" అని త్రాసు వంక చూసేవాడు.

నీసు తినని పిల్లికి బలం ఎక్కణ్ణుంచి వస్తుందన్న ఆలోచన కూడా ఆయనదే. భార్య అన్నపూర్ణమ్మ మోకాళ్ల నొప్పులకి డాక్టరు కాల్షియం టానిక్కు రాశాడు. విటమిన్ డి కూడా కలిపినదట. దాని వాసన పడక ఆవిడ సీసాలన్నీ అటక మీద పడేసింది. పారబోయడానికి వర్తకుడి మనసు ఒప్పుకోలేదు. రోజుకి రెండు చెంచాల చొప్పున, మూడు నెలల పాటు, పాలల్లో కలిపి పిల్లికి పట్టించాడు.

ఎనభై ఒకటో సంవత్సరం శ్రావణమాసం వచ్చేసరికి మినుము తిండి మానేసింది. గిన్నెల కొద్దీ నీళ్లు తాగి బస్తాల మూల పడుకునేది. రాజమండ్రిలో పశువుల డాక్టరు నెత్తురు తీసి పరీక్ష చేయించి, "కాల్షియం బాగా ఎక్కువుందండీ. ఇలాగే ఉంటే కిడ్నీలు పోతాయి, పిల్లి దక్కదు. ఏం పెడుతున్నారు?" అని అడిగాడు. జోగేశ్వరరావు పాల దగ్గర్నుంచి టానిక్కు దాకా అంతా చెప్పాడు. డాక్టరు కాసేపు పిల్లిని మానేసి ఆయన్నే పరీక్షగా చూశాడు.

"ఆ సీసాలు పారేయండి. పాలూ పెరుగూ ఆపండి. చేప ఉడకబెట్టి పెట్టండి. ముల్లు మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు, అందులోనూ కాల్షియమే. పది రోజులయ్యాక తీసుకురండి."

బస్సులో ఒళ్లో బుట్ట పెట్టుకుని కూర్చుంటే జోగేశ్వరరావుకి ఏడుపొచ్చింది. పగవాడు కూడా చేయని పని తను చేశాడు. అదీ ప్రేమగా, చెంచా కొలిచి మరీ.

ఆయనకి తెలిసిన చేప పేరు ఒక్కటే, పులస. గోదారి ఎర్రబడగానే ఊరంతా దాని గురించే మాట్లాడుతుంటే చెవులు మూసుకోలేడు కదా. తల మీద తుండుగుడ్డ కప్పుకుని ఒడ్డుకి వెళ్లాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బేరమాడకుండా సరుకు కొన్నాడు. మూసిన గొడుగులో దాచుకుని, తోక బయటికి కనిపిస్తోందని తెలియక, బజారు మధ్యలోంచే నడిచి వచ్చాడు.

"ఎవరికండీ?" అని అడిగినవాళ్లందరికీ, "పిల్లికండీ" అనే చెప్పాడు. నిజమే చెప్పాడు. కాని పిల్లికి పులస కొన్న మనిషి గోదావరి జిల్లాల్లో అంతవరకూ పుట్టలేదు. "ఆయ్, పిల్లికేనండి" అని ఒకరికొకరు కన్నుగీటుకున్నారు.

"శ్రావణమాసంలోనా!" అని అన్నపూర్ణమ్మ గుమ్మం దాటనివ్వలేదు. పక్కింటి సూర్యావతి గారు భీమవరం రాజుల ఆడపడుచు. ఆవిడ గొడుగులోకి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"పులస నిండా వెంట్రుకల్లాంటి ముళ్లేనండీ బాబూ! మేమే చూసుకుని చూసుకుని తింటాం. మీకు కావలసింది కొరమీను. దానికి నడిముల్లు తీసేస్తే చాలు. రేపు తెప్పించి ఉడకబెట్టి ఇస్తాను. ఇది మాకు వదిలేయండి, పాపం మాకే తగలనివ్వండి."

మర్నాడు కొరమీను గిన్నె అందగానే జోగేశ్వరరావుకి ఒక తెలివైన ఆలోచన వచ్చింది. ఆయన తెలివైన ఆలోచనల సంగతి అప్పటికే తెలిసిందే. పోయిన పరువు తిరిగి తెచ్చుకుందామని, బేరాలు కిటకిటలాడే వేళ, అందరి ఎదుటా గిన్నె పిల్లి ముందు పెట్టాడు. మినుము వాసన చూసింది. మొహం తిప్పుకుంది. మెల్లగా వెళ్లి, రోజూ పాలు పోసే చోట కూర్చుంది.

"దానికి వద్దంటండి. ఇంక తమరే కానివ్వండి!" అన్నాడు టీకొట్టు చిట్టియ్య. జనం విరగబడి నవ్వారు.

ఇంకో రోజైతే జోగేశ్వరరావు మండిపడేవాడే. కాని పిల్లి తిని నాలుగు రోజులైంది, డొక్కలు కనిపిస్తున్నాయి. ఆయన కూర్చున్న బస్తా దిగి దాని పక్కన నేల మీద చతికిలబడ్డాడు. గిన్నెలో చెయ్యి పెట్టాడు. ఒళ్లు జలదరించింది. అయినా చేప ముక్కని చిదిపి, పప్పులో రాళ్లు ఏరినట్టు వేళ్లతో ముళ్లు వెతికి, చిన్న ముద్ద చేసి దాని మూతి దగ్గర పెట్టాడు.

"తినవే తల్లీ. తప్పు నాదే. నా గొప్ప కోసం నీ కడుపు మాడ్చాను."

మినుము ముందు ఆయన వేలు నాకింది. తర్వాత ముద్ద తింది. ఇంకో ముద్ద కోసం చూసింది. కొట్టు ముందు నవ్వులు ఆగిపోయాయి.

ఆ పూట నుంచి పది రోజులు అదే కొట్లో, అదే చేత్తో తినిపించాడు. మళ్లీ పరీక్ష చేయిస్తే కాల్షియం దిగింది. బుట్ట పట్టుకుని బస్సు దిగుతుంటే చిట్టియ్య ఎదురొచ్చాడు.

"ఏంటండీ, మీ పిల్లి నీసు ముట్టదనేవారు కదా?"

"అది పిల్లండి" అన్నాడు జోగేశ్వరరావు. "ఊరందరికీ తెలుసు. నాకే తెలీలేదు."