ఏడు పక్కన తొమ్మిది

ఆ నెల పట్టణంలో ఏ ఇద్దరు కలిసినా మాట పొగ పన్ను మీదికే వెళ్ళేది. పట్టణ సభ దానికి పెట్టిన పేరు బారెడు పొడుగుంది, అది ఎవరి నోటా తిరగలేదు. బొగ్గు కాల్చి తీసే కరెంటు మీద కొన్నాళ్ళుగా కొంత అదనంగా వసూలు చేస్తున్నారు, ఆ డబ్బుతో గాలిమరలు పెడతారట. ఎండలూ వానలూ గతి తప్పాయి, ఇప్పుడైనా మేలుకోకపోతే రేపు పిల్లలు మనల్ని తిట్టిపోస్తారని రిటైరైన సైన్సు టీచరమ్మ వర్గం వాదన. పిల్లల తిట్ల సంగతి తర్వాత, ముందు ఈ నెల బిల్లు ఎవడు కడతాడని మైకన్న వర్గం. మైకన్నకు ఆ పేరు ఊరికే రాలేదు. ఎదుట మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడాయన.

ఆ మైకన్నకు ప్రసంగాలు రాసిపెట్టే కుర్రాణ్ణి వీధిలో అందరూ మరిదనే అంటారు. మీటరమ్మకు మరిది మరి. ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి అంకెలు రాసుకొస్తోంది. ఆవిడ రాసిన అంకె మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ నిలబడలేదు. మోకాళ్ళు మాత్రం ఇక నిలబడలేమంటున్నాయి. మెట్ల కింద, బాత్‌రూముల వెనక, బొద్దింకలు తిరిగే మూలల్లో బిగించారు మీటర్లన్నీ. బిగించినవాళ్ళకు ఆవిడ మోకాళ్ళ మీద ఏదో పగ ఉన్నట్టుంది. వచ్చే సోమవారం నుంచి మాత్రం ఆవిడకు ఆఫీసులో సూపర్‌వైజరు కుర్చీ. తప్పు పడిన బిల్లుల్ని కూర్చున్నచోటే సరిచేసే పని. దానికోసం ఇంటిల్లిపాదీ రోజులు లెక్కపెడుతున్నారు.

శుక్రవారం పొద్దున్న మరిది ఒక ఫ్లెక్సీ తెచ్చి ముందుగదిలో పరిచాడు. మనిషెత్తున ముసలి దర్జీ గారి కరెంటు బిల్లు. ఒంటరి మనిషి, రెండు గదుల ఇల్లు, బిల్లేమో బట్టల మిల్లుకు వచ్చినంత వచ్చింది. కింద ఎర్రటి అక్షరాలతో ‘ఇదీ పొగ పన్ను!’ అని ఉంది. ఆ పన్ను ఉంచాలా తీసెయ్యాలా అని సాయంత్రమే పట్టణ సభలో ఓటింగు. ఇది చూశాక టీచరమ్మ నోరు మెదిపితే ఒట్టు అని మైకన్న తెగ మురిసిపోయాడు. ఆ బిల్లు వెతికి పట్టింది మరిదే. నాటకానికి కాదు, నిజంగా దర్జీ మీద జాలేసి పట్టుకొచ్చాడు.

కాఫీ గ్లాసుతో వచ్చిన వదిన ఫ్లెక్సీ దగ్గర ఆగిపోయింది.

“ఏడు పక్కన తొమ్మిదేంటి?” అంది.

“నువ్వు రాసిందే కదా వదినా.”

“నేను రాసిందే. అదే అడుగుతున్నా.”

దర్జీ వీధిలో ఇంకా పాత ముల్లు మీటర్లే ఉన్నాయి. ఒక్కో అంకెకు ఒక బుల్లి గడియారం, అందులో ఒక ముల్లు. ఆవిడ గ్లాసు కింద పెట్టి, వేలితో ఫ్లెక్సీ మీద గుండ్రంగా గీసి చూపించింది.

“ఆ రోజు ఈ ముల్లు సరిగ్గా ఏడు మీదుంది. నాకు బాగా గుర్తు. పక్క ముల్లు తొమ్మిది దగ్గరుంది. పక్కది సున్నా దాటితే గానీ ఇక్కడ ఏడు పూర్తయినట్టు కాదు. అంటే ఆరే రాయాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు నేను చెప్పే పాఠమే ఇది. నేనే ఏడు రాసి చచ్చాను.”

“అయితే ఏమవుతుంది?”

“అది వేల అంకె. వెయ్యి యూనిట్లు ఎక్కువ పడ్డాయి.”

అప్పటికప్పుడు దర్జీ ఇంటికి బయల్దేరింది. మరిది వెంటపడ్డాడు. ముసలాయన చలికి వంటగదిలో కోటు తొడుక్కుని కూర్చుని ఉన్నాడు. కిటికీ సందుల నిండా రంగురంగుల గుడ్డముక్కలు కుక్కి ఉన్నాయి. వదిన మెట్ల కింద వంగి టార్చి వేసింది. రెండు వారాల కిందటి బిల్లులో వేసిన అంకె కంటే ఇవాళ మీటరు మీదున్నదే తక్కువ. మీటరు వెనక్కి తిరగదు కదా, ఇక సందేహమేముంది?

తిరిగొస్తుంటే మరిది ఉండబట్టలేక అన్నాడు. “వదినా, సోమవారం దాకా ఊరుకో. ఆ కుర్చీలో కూర్చున్నాక ఒక్క గీత గీసి నువ్వే సరిచేసెయ్యొచ్చు. ఆయన డబ్బు ఆయనకి వచ్చేస్తుంది. మూడో కంటివాడికి తెలీదు.”

“మరి సాయంత్రం ఓటు?”

మరిదిని వెనకే వదిలి వదిన ఇంటి మలుపు తిరిగింది.

సభ మొదలయ్యేముందు మరిది ధైర్యం చేసి, ఆ అంకె తప్పని మైకన్న చెవిన వేశాడు. “ఓటయ్యాక చూద్దాంలే” అని భుజం తట్టి మైకు దగ్గరికి వెళ్ళిపోయాడాయన. ఫ్లెక్సీ విప్పగానే హాలంతా అయ్యో అంది. ముందు వరసలో దర్జీ తల దించుకున్నాడు. రాసింది తనే కాబట్టి ప్రసంగంలో ఎక్కడ చప్పట్లు పడతాయో మరిదికి ముందే తెలుసు. అక్కడే పడ్డాయి. చప్పట్లు పడిన ప్రతిసారీ అతను కుర్చీలో ఇంకాస్త కుంచించుకుపోయాడు.

ప్రజలు మాట్లాడే వంతు రాగానే వదిన లేచింది. “ఆ అంకె తప్పండి. తప్పు నాది” అని, ముల్లు సంగతంతా విడమరిచి చెప్పింది. మైకన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. టీచరమ్మ వర్గం వాళ్ళు ఎగిరి గంతేసినంత పనిచేసి చప్పట్లు మొదలుపెట్టారు.

“టీచరమ్మా, అప్పుడే సంబరపడకండి,” అంది వదిన. “సరైన అంకె వేసినా ఆయన బిల్లు పోయినేడాది కంటే పావు వంతు ఎక్కువే. అది మీ పన్నే. ఆయన ఇంట్లో కిటికీకి అద్దం లేదు, గుడ్డలు కుక్కుకున్నాడు. హీటరు వెయ్యడం మానేసి కోటేసుకుని వండుకుంటున్నాడు. గాలిమరలు పెట్టండి, నేను వద్దనను. ముందు ఇలాంటి ఇళ్ళకి కిటికీలు పెట్టించండి.”

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇరు పక్షాలూ బుద్ధిగా విన్నాయి. ఆ హాల్లో అంతకుముందెన్నడూ జరగని పని అది.

కరెంటు ఆఫీసు అధికారి గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, సోమవారం మీకు రావలసిన కుర్చీ సంగతి గుర్తుందా?”

“ఉందండి. అందుకే ఇవాళే చెప్తున్నా. ఆ కుర్చీలో కూర్చున్నాకైతే, ఎవరికీ తెలీకుండా దిద్దేసుకునే అధికారం నాకే ఉంటుంది.”

మరిది కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో వచ్చాయో గర్వంతో వచ్చాయో అతనికే తెలియలేదు. ఇంత మనిషి చేతి అన్నం తింటూ ఇన్నాళ్ళూ మైకన్నని గొప్పవాడనుకున్నందుకు తన్ను తానే తిట్టుకున్నాడు.

పన్ను ఉంటుందని, మొదటి ఏడాది డబ్బంతా అలాంటి ఇళ్ళ కిటికీలకూ కప్పులకూ ఖర్చు పెట్టాలని సభ తీర్మానించింది. సోమవారం కుర్చీ ఇంకొకరికి వెళ్ళింది. తప్పు చేసినట్టు ఒప్పుకున్న మనిషికి తప్పులు దిద్దే పని ఇవ్వడం పద్ధతి కాదని ఉత్తరం పంపారు. ఆ పనికి అంతకంటే తగిన మనిషి ఎక్కడ దొరుకుతుందో ఆ ఉత్తరం రాసిన మహానుభావులే చెప్పాలి. వదిన దాన్ని మడిచి సొరుగులో పడేసి, తన కిందున్న ముల్లు మీటర్లన్నీ మళ్ళీ ఒకసారి చూసుకోవాలని బయల్దేరింది. ఒకచోట పొరబడ్డదాన్ని ఇంకోచోట పొరబడి ఉండనా అంటుంది. మరిది సంచి మోస్తూ వెనకాలే నడిచాడు.

ఆరో ఇంటి దగ్గర ఉండగా మరిదికి మైకన్న ఫోను చేశాడు. “ఒరే, ఇంకో బిల్లు దొరికింది. దర్జీ బిల్లు దీని ముందు ఎందుకూ పనికిరాదు. రేపటికల్లా ఫ్లెక్సీ కావాలి.”

మెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో గోడ పట్టుకుని టార్చి వేస్తోంది వదిన. మరిది ఆవిడ వంక చూశాడు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు.

“అన్నా, ముందు మా వదిన ఆ మీటరు చూడాలి. ఆవిడ సరేనంటేనే నేను రాస్తా.”

తిట్లకు సిద్ధపడి మరిది ఫోను చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నాడు.

“సరే,” అన్నాడు మైకన్న. అంత చిన్న గొంతు ఆయనకుందని మరిదికి అప్పటిదాకా తెలియదు. “ఇంటి నంబరు రాసుకో. ఆవిడ ఎంతంటే అంతే వేద్దాం.”

“ఎవర్రా ఫోను?” అంది వదిన మెట్ల కిందనుంచి.

“మైకన్న. నిన్ను మీటరు చూడ్డానికి రమ్మంటున్నాడు వదినా.”

“వెళ్దాంలే,” అంటూ ఆవిడ చెయ్యి పైకి చాచింది. “ముందు నన్ను లేవదియ్యి.”