గడపకు చిక్కిన దారం

వాయ్‌సిమ్ పొద్దున్నే లేచి, కొప్పు ముడుచుకుని, పట్టు మిల్లుకు పోయేది. మరిగే నీళ్ల తొట్టిలో పట్టుగూళ్లు తిప్పీ తిప్పీ ముప్పై ఏళ్లలో ఆమె చేతులు ఉడికిపోయాయి. పెళ్లాడనని ఒట్టు పెట్టుకుని, జడ విప్పి తన కొప్పు తనే ముడుచుకున్న రోజు నుంచీ కుడి చూపుడువేలి కొసన సన్నటి పట్టుదారం వస్తూనే ఉండేది.

"వదినా, ఆ చెయ్యి ఊరగాయ జాడీలో పెట్టకు, దారం పడుతోంది," అని మరదలు విసుక్కునేది. మిల్లు మేస్త్రీకి మాత్రం ఆమంటే ముద్దు. ఆ దారం ఒక్కసారీ తెగి ఎరగదు.

ఆ జీతంతోనే తమ్ముడు ఫుక్ ఇల్లు కట్టాడు. పెళ్లాన్ని తెచ్చుకున్నాడు, కూతురు యిన్‌ను పెంచాడు. ఆ యిన్‌కి ఇప్పుడు చేపల షావుకారుతో పెళ్లి. అతని మొదటి పెళ్లాం చెరువులో తేలింది. ఎందుకు తేలిందో ఊరందరికీ తెలుసు, అడిగినవాడు లేడు.

పెళ్లి పది రోజులుందనగా వాయ్‌సిమ్ నెత్తురు కక్కుకుంది. కొప్పు ముడుచుకున్న ఆడది పుట్టింట్లో చావకూడదు. చక్రవర్తి గద్దె దిగి పదేళ్లయినా మా షుంటాక్ తాలూకాలో ఈ కట్టుబాటు దిగలేదు.

"అక్కా, మల్బరీ గట్టు మీద పాక ఊడ్పించాను," అన్నాడు ఫుక్, నేల చూస్తూ.

"అది కారుతుంది కదరా."

"కొన్నాళ్లే కదా."

"ఈ గడప నా జీతంతో కొన్నదిరా."

"ఎవరు కాదన్నారు? పెళ్లింట్లో శవం లేస్తే పిల్ల బతుకేం కాను?"

"నా బతుకు సంగతి ఎత్తకండి. అత్తను ఉండనివ్వండి," అంది యిన్. తల్లి ఆమె చెంప మీద ఒకటిచ్చింది.

వాయ్‌సిమ్‌ను తలుపు చెక్క మీద పాకకు మోసుకుపోయారు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. దారం కొస గడప పగులులో చిక్కుకుంది, పాకదాకా సాగింది. ఫుక్ కత్తెర పెట్టాడు, తర్వాత కూరల కత్తి పెట్టాడు. తెగలేదు. "పోనీ, దారమేగా," అని దాటుకుపోయాడు.

వానలు పట్టాయి. యిన్ రోజూ ఆ దారాన్నే పట్టుకుని గట్టు మీద నడిచి గంజి తీసుకెళ్లేది.

"ఈ పెళ్లి నీకిష్టమేనా?" అంది వాయ్‌సిమ్ ఒకరోజు.

"అడిగినవాళ్లెవరు?"

"నేనడుగుతున్నా."

"వద్దత్తా. భయమేస్తోంది."

వాయ్‌సిమ్ తన దువ్వెన ఆమె చేతిలో పెట్టింది. "వద్దనుకుంటే చివరికి ఈ పాకే. తెలుసుగా?"

"తెలుసు."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వాయ్‌సిమ్ తడిసిన చాప మీద పోయింది. పక్కన ఎవరూ లేరు. గట్టు వెనకే పూడ్చారు. దారం మాత్రం గడప నుంచి సమాధి దాకా బిగుసుకుని అలాగే ఉంది.

మర్నాడు ఎర్ర పల్లకి వచ్చింది. గుమ్మం ముందు దారం బోయీల నడుములకు తగిలింది. వాళ్లు వంగితే అదీ కిందికి దిగింది, పల్లకి ఎత్తితే అదీ పైకి లేచింది. కత్తులు మొద్దుబారాయి. ముహూర్తం దాటింది. షావుకారు మనుషులు ఉమ్మేసి పల్లకి వెనక్కి తిప్పారు.

లోపల యిన్ పెళ్లి జడ విప్పి, అత్త దువ్వెనతో కొప్పు ముడుచుకుంటోంది.

"నీకూ ఆ పాకే దిక్కవుతుందే," అని తల్లి కూలబడి ఏడ్చింది.

యిన్ మిల్లులో చేరింది. మొదటి జీతంతో ఆ పాకకు పెంకులు వేయించింది. ఏ మూల కారుతుందో ఆమెకు బాగా తెలుసు.