మొప్పల ఎరుపు

తవిటమ్మ చెయ్యి పెట్టి చూపిస్తే ఆ చేపకి తిరుగు లేదని కళింగపట్నం తీరంలో అందరికీ తెలుసు. నలభై ఏళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, కన్ను నిగనిగలాడాలి, వేలు పెడితే ఒంటికి జిగురు తగలాలి. ఈ మూడూ ఉంటే కొత్త చేప, లేకపోతే నిన్నటిది. అంతే లెక్క.

అలాంటి మనిషికి చేపల్ని చూడటమెలాగో కోడలు అనూరాధ చెప్పబోయింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ముందు గదిలో ఉప్పునీళ్ల గాజు తొట్టె, అందులో రెండు క్లౌన్ చేపలు. నారింజ రంగు ఒళ్లు, తెల్లటి పట్టీలు. పెద్దది ఆడది, చిన్నది మగది. గోరంత ఉన్నప్పుడు తెచ్చి రెండేళ్లు సాకితే ఇప్పటికి జత కట్టాయి. నాలుగు రోజులుగా చిన్నది తొట్టెలోని కుండపెంకును మూతితో శుభ్రం చేస్తోంది. గుడ్లకి వేళయిందని అనూరాధ మురిసిపోయింది. ఆ గుడ్లు పిల్లలై బతికితే మొగుడు నాగబాబు గుజరాత్ బోట్ల పని మానేసి ఇంటికొచ్చేస్తానన్నాడు, ఇద్దరూ కలిసి ఈ చేపల్నే పెంచి అమ్ముకుందామన్నాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు కొడుకు మొహం చూడని తవిటమ్మ ఆ తొట్టె ముందునుంచి వెళ్లినప్పుడల్లా మనసులోనే ఓ దండం పెట్టుకునేది.

సరిగ్గా అప్పుడే అనూరాధ తండ్రికి విజయనగరంలో ఆపరేషను పడింది. మూడు రోజులు ఉండాలి.

"అత్తా, మేత కాడికి వస్తాదో లేదో సూడు. ఊపిరి ఎలాగ తీస్తన్నాదో సూడు. ఒంటి మీద పొరగానీ సుక్కలుగానీ అవుపిస్తే మరి ఆగకు, వీడియో కాల్ సెయ్యి."

"సేపల్ని నాకు సూపెడతావేటే? ఎల్లు, బస్సెల్లిపోతాది."

మొదటి రోజు రెండూ పోటీపడి తిన్నాయి. రెండో రోజు పొద్దున్న చిన్నదొక్కటే వచ్చింది. పెద్దది గాలి బుడగలొచ్చే మూల నోరు తెరుచుకుని నిలబడిపోయింది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. తవిటమ్మ కళ్లద్దాలు పెట్టుకుని గాజుకి ముక్కు ఆనించి చూసింది. మొప్పల సందున ఎరుపు కనబడింది. కన్ను మెరుస్తోంది. ఒంటి మీద పల్చగా జిగురు, దీపం వెలుగు పడితే తళతళలాడుతోంది. మూడుకి మూడూ ఉన్నాయి. తినకపోవడమంటారా, వేవిళ్లు అనుకుంది.

"నాగబాబు కడుపులో ఉన్నప్పుడు నేను మట్టుకు తిన్నానేటే?" అని చేపకే ధైర్యం చెప్పింది.

సాయంత్రం మళ్లీ మేత వేసింది. మళ్లీ రాలేదు. ఈసారి వేవిళ్ల మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. అప్పుడే అనూరాధ ఫోను చేసింది.

"పెద్దది తిన్నాదా అత్తా?"

"తిన్నాదే. నిగనిగలాడతన్నాది."

"ఊపిరో?"

"బాగుందంతన్నాను కదా. మీ నాయిన్ని సూసుకో."

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. ఆసుపత్రిలో ఉన్న పిల్లని కంగారు పెట్టడమెందుకన్న జాలి సగం, నాకు తెలీని చేపా అన్న పొగరు సగం. పొగరే ఎక్కువేమో కూడా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి తీరానికెళ్లి కవళ్ల చేపల తట్ట ఎత్తుకొస్తుంటే పక్కింటి కుమారి గుమ్మంలోంచి కేకేసింది. "కొత్తయేనేటప్పా?"

"ఒళ్లు సూడే, జిగురు కారతన్నాది. ఇప్పుడే సచ్చినాయి."

ఎన్ని వేలసార్లు అన్న మాటో అది. ఈసారి మాత్రం చెవికి తగిలింది. నలభై ఏళ్లలో తన చేతికొచ్చిన చేపలన్నీ చచ్చినవే. ఎర్రటి మొప్ప, మెరిసే కన్ను, జిగురు ఒళ్లు, ఇవన్నీ చేప చచ్చి ఎంతసేపయిందో చెప్పే గుర్తులు. బతికున్న చేపకి జబ్బు చేస్తే ఎలా ఉంటుందో ఆమె ఏనాడూ చూసి ఎరగదు. తట్ట కుమారి గుమ్మంలోనే వదిలేసి పరుగెత్తింది.

పెద్దదాని ఒంటి మీది జిగురు తెల్లబడి, మీగడ తరకల్లా లేచిపోతోంది. తవిటమ్మ వీడియో కాల్ చేసింది. ఫోను గాజుకి ఆనించి పెద్దదాన్ని చూపించింది.

"ఎప్పట్నుంచత్తా?" అంది అనూరాధ.

"నిన్న పొద్దుట్నుంచి. తిన్లేదు. తిన్నాదని అబద్దమాడినాను."

బొమ్మలో అనూరాధ లేచి సంచి అందుకుంది. "నీలం బకెట్లో తొట్టి నీల్లే పోసి, గాలి పైపు ఎట్టి, పెద్దదాన్ని అందులోకి మార్చు. మందట్టుకుని వచ్చేస్తన్నాను."

అనూరాధ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చేప అప్పటికే బకెట్లో పక్కకి ఒరిగి తేలుతోంది. తవిటమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. అలవాటుపడిన బొటనవేలు తనంతట తానే మొప్ప ఎత్తింది. ఎర్రగా, ఏ సంతలోనైనా ముందు అమ్ముడుపోయేంత ఎర్రగా ఉంది.

అనూరాధ సంచిలోంచి మందు తీసింది. చిన్నదాన్ని మందు నీళ్లలోకి మార్చి దాని ముందే కూర్చుంది.

బోటు గుజరాత్‌లో వేరావల్ హార్బరుకి చేరినట్టుంది, సాయంత్రం నాగబాబు ఫోను. "ఏటమ్మా, గుడ్లెట్టిందా?"

కోడలు చెయ్యి చాపింది. తవిటమ్మ ఫోను ఇవ్వలేదు.

"పెద్దది సచ్చిపోయిందిరా. జబ్బు నా కళ్లెదురుగానే ఉన్నాది, నాకు తెలవలేదు. అనుమానం వచ్చినాక కూడా సెప్పలేదు. తప్పు నాదే."

అవతల ఇంజను చప్పుడు, ఎవరివో అరుపులు. వాటి మధ్యనుంచి నాగబాబు గొంతు వినబడింది. "సర్లేమ్మా. వచ్చే యేడు కూడా బోటెక్కుతాన్లే."

ఫోను పెట్టేసి ఆమె కోడలి పక్కన చతికిలబడింది. చిన్నది నీళ్లలో ఒంటరిగా నిలబడి ఊపిరి తీస్తోంది. తీస్తున్న ఊపిరి మంచిదో చెడ్డదో తవిటమ్మకి తెలియలేదు.

"సెప్పే అనూ," అంది. "ఊపిరి ఎలాగుండాల?"