హయాత్ ఓటు

తొంభై తొమ్మిది ఎలక్షన్ల నాడు ఏడుగురు అవిటివాళ్లను ట్రాక్టరు తొట్టిలోంచి బూతు ముందు బస్తాల్లా దించారు. దించినవాడు జిన్నింగు మిల్లు మేస్త్రీ పిచ్చయ్య. ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, ఏడుగురి ఓట్లూ తానే గుద్దాడు. ఆఫీసరు తలెత్తి చూస్తే ఒట్టు! మిరప టిక్కీ బస్తా మీదపడి నడుం విరిగి, మంచం దిగలేని హయాత్ అసలు రానే లేదు. అతని ఓటూ పడింది.

ఆ ఏడుగురిలో ఏసోబు ఒకడు. ఆ మిల్లులోనే పత్తి బేళ్ల ప్రెస్సులో పడి రెండు చేతులూ మోచేతుల దాకా పోయినవాడు.

"నా ఓటు ఎవరికేశావు మేస్త్రీ?" అని అడిగాడు.

"నీకెందుకురా? మిల్లు ఆసామి చెప్పినోళ్లకి."

చేతులు మింగింది చాలలేదు, ఓటు కూడా కావాల్సొచ్చింది దొంగ సచ్చినోళ్లకి! మిల్లులో అవిటైనవాడికి మిల్లే పూచీ, బూతులో తోడు కూడా మిల్లు మనిషే రావాలి, అదే గవర్నమెంటు రూలు అని పిచ్చయ్య చెబితే పేటంతా నమ్మింది. ఏసోబూ నమ్మాడు. అది తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఐదేళ్లకు మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి. పేట బడి టీచరు హెలెన్ అద్దంకిలో పోలింగ్ డ్యూటీ ట్రైనింగుకు వెళ్లొచ్చి, చర్చి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టింది.

"తోడు మీకు నచ్చినవాళ్లు రావచ్చు. కానీ ఒక మనిషి ఒక్కరికే తోడు వెళ్లాలి."

"మరి ఏడుగురికి తోడుపోయిన పిచ్చయ్యో?" అని అడిగాడు ఏసోబు.

"దొంగ."

హయాత్‌ను మంచంతో సహా మోసుకొచ్చారు. "మీ ఓటెట్టా టీచరమ్మా? డ్యూటీ వేరే ఊళ్లో గదా?" అన్నాడతను.

"మాకు ఓటు కాగితం ఇస్తారు. పోస్టులో వేస్తాం."

"తిరగగలిగినోళ్లకి పోస్టా! కదల్లేనోడికి లేదా?"

"రూల్లో లేదు భాయ్." హెలెన్ తల దించుకుంది.

"రూల్లో లేకపోతే మనకి భుజాలు లేవా? మోద్దాం," అంది ఏసోబు పెళ్లాం పున్నమ్మ.

"రేపు ఆసామి పనికి పిలవడే!" అన్నారెవరో.

"పిలవకపోతే వాడి పత్తి వాడే ఏరుకుంటాడులే!"

"ఒక్కసారన్నా నా ఓటు నేనెయ్యాలి," అన్నాడు ఏసోబు. "అంతే నాకు కావాల్సింది."

పోలింగ్ రోజు ఎనిమిదింటికల్లా నలుగురు ఆడవాళ్లు హయాత్ మంచం ఎత్తుకున్నారు. ఎవరి తోడు వాళ్లకే ఉంది. బూతు దగ్గర పిచ్చయ్య అడ్డం నిలబడ్డాడు.

"హయాత్ ఓటు అయిపోయింది. ఇంటికి మోసుకుపోండి."

ఆఫీసరు రిజిస్టరు తిప్పి చూపించాడు. హయాత్ పేరు పక్కన ఎవడిదో వేలిముద్ర!

"నేనేం చెయ్యలేను," అన్నాడు ఆఫీసరు. అది అబద్ధమో నిజమో చెప్పడానికి హెలెన్ ఊళ్లో లేదు.

ఏసోబు వంతు వచ్చింది. మోచేతి మొండికి సిరా పూశారు. పున్నమ్మను బయటే ఉండమన్నాడు. వంగి, మొండిచేత్తో తానే మీట నొక్కాడు. మెషీను కూసింది. గుండె నిండిపోయింది.

బయటికొచ్చేసరికి మంచం మీద హయాత్ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఏసోబు వెళ్లి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"హయాత్ ఓటెయ్యందే ఈ గుమ్మం ఎవ్వరూ దాటటానికి లేదు."

"నీదయిపోయింది గదరా, లెగు!" అని పిచ్చయ్య అరిచాడు.

"నా ఒక్కడిదయితే అయిపోయినట్టేనా?"

పున్నమ్మ కూర్చుంది. వరసలో ఉన్న ఆడవాళ్లంతా కూర్చున్నారు. జీపు దిగిన ఎస్సై లాఠీలు ఎత్తించాడు. తలలు పగిలాయి గానీ ఒక్కరూ లేవలేదు. ఒక కానిస్టేబులు బేడీలు పట్టుకుని ఏసోబు ముందుకొచ్చి, ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడిపోయాడు.

"చేతులు మిల్లులో ఉన్నయ్ సార్," అన్నాడు ఏసోబు. "పోయి ఆసామిని అడిగి తెచ్చుకోండి."

నడుముకు తాడు కట్టి జీపెక్కించారు. జీపు పర్చూరు రోడ్డెక్కింది. హయాత్ మంచం మోసుకుంటూ పేటంతా దాని వెనకే నడిచింది. సాయంత్రం ఐదింటిదాకా ఆ బూతులో ఇంకొక్క ఓటు పడలేదు.