ఉల్టా తిరిగితే రెండు వైర్లు

నవత మొగుడు శ్యాంసుందర్‌లో లోపాలు వెతకాలంటే కష్టం. తాగడు. పేకాడడు. చెప్పిన కూరగాయలే తెస్తాడు, కాకపోతే వాడిపోయినవి. అతనికున్న జబ్బల్లా ఒక్కటే: తప్పు అతని ఒంటికి అంటదు. పాలు పొంగితే పొయ్యిది తప్పు, బండి గుంతలో పడితే మునిసిపాలిటీది, చొక్కా బిగుతైతే ఇస్త్రీ చేసినవాడిది. కట్టుకున్న నేరానికి నవత ఇన్నేళ్లూ దీన్ని నవ్వుతూనే భరించింది. ఆ సోమవారం మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లుల రోడ్డు మీద వాళ్ల ఇల్లు. ఇంటి ముందరి రేకుల షెడ్డే శ్యాంసుందర్ గ్యారేజీ. అందులో కొన్నాళ్లుగా బెంజమిన్ అనే అతని జీపు తిష్ఠ వేసింది. ఆదివారాలు చర్చివాళ్లను చుట్టుపక్కల ఊళ్లకు తిప్పే జీపు అది. పాత ఇంజను చచ్చిపోతే, నుజ్జయిన ఒక కారులోంచి తీసిన పెట్రోల్ ఇంజను ఎక్కించారు. ఇంజను దొరికింది గానీ దాని కంప్యూటర్ దొరకలేదు. బజారులో విడిగా అమ్మే కంప్యూటర్ ఒకటి కొన్నారు. కొత్త కోడలికి అత్తింటి సామాన్ల జాగాలు తెలియనట్టే, దానికీ ఈ ఇంజను సంగతి తెలియదు. ఏ వైరు ఎక్కడికి పోవాలో మనిషే కలపాలి.

కలిపింది నవత. ఆమె డిగ్రీ ఫిజిక్సుతో చదివింది. బొమ్మ చూసి వైరు వెతకడం శ్యాంసుందర్‌కు విసుగు, ఆమెకు ఇష్టం. భోజనాల బల్ల మీద పప్పుగిన్నె పక్కకు జరిపి, ఒక్కో వైరు కొలిచి, కోసి, పిన్ను నొక్కి, లాగి చూసి, జడలా అల్లింది. ఈ ఇంజనుకు ఒక వయ్యారం ఉంది. వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే వేళను కాస్త ముందుకో వెనక్కో జరుపుకుంటుంది. జరిపేది యాక్చువేటర్, దానికి రెండు వైర్లు. ఎంత జరిగిందో కంప్యూటర్‌కు కబురు పంపేది కామ్ సెన్సర్. దానికి మూడు, కరెంటుది, ఎర్త్‌ది, కబురుది. అన్నీ కలిపాక తాళం తిప్పితే ఇంజను ఠక్కున అందుకుంది. ఆ చప్పుడు చెవిలో పెట్టుకునే ఆమె చెన్నూరులో చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లింది.

తిరిగొచ్చి గేటు తీస్తుండగా మొగుడి గొంతు వినపడింది. ఫోను స్పీకర్‌లో పెట్టి కరీంనగర్ మేస్త్రీ ముత్తయ్యతో మాట్లాడుతున్నాడు.

"ఇంట్లోళ్లు కట్టిన్రు అన్నా వైరింగు. ఆడోళ్ల చేతులకిస్తే గిట్లనే అయితది. పిన్నులు గట్టిగ నొక్కలే, ఊసిపోయినయ్. ట్రాలీ మీద ఎక్కించి పంపుత. ఉన్నదంత కోసి పారేసి నువ్వే కొత్తది కట్టు."

ఎదురుగా బెంజమిన్ చేతులు కట్టుకుని వింటున్నాడు. కుర్చీలో మామ రాజయ్య, మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన మనిషి, పొడుం డబ్బా తెరుస్తున్నాడు.

నవత అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు పొయ్యి మీద తోశాడు, ఊరుకుంది. మునిసిపాలిటీ మీద తోశాడు, ఊరుకుంది. ఇప్పుడు తన చేతుల మీదికి, అదీ పరాయివాళ్ల ముందు! పైగా అల్లినదంతా ఎవడో కరీంనగర్‌లో కత్తెర పెట్టి పరపరా కోస్తాడు.

సంచీ గడప మీద ధడేలున వేసింది. "ఏది ఊసింది? చూపెట్టు."

శ్యాంసుందర్ ఫోను జేబులో వేసుకున్నాడు. "అరె, వచ్చినవా? ఫంక్షన్ మంచిగైందా?"

"ఫంక్షన్ సంగతి ఫంక్షన్‌కు తెలుసు. ఊసిపోయిన పిన్ను చూపెట్టు అంటున్న."

"ఇప్పుడవన్నెందుకు? బండి నడుస్తలేదు. సెల్ఫ్ కొడ్తది, అందుకుంటలేదు. అంటే వైరింగే గదా."

"నేను పోయిన్నాడు నడిచింది గద!"

"నడిచింది. మల్ల ఆగింది. గట్టిగ నొక్కితే ఆగునా?"

బెంజమిన్ ఇబ్బందిగా కదిలాడు. "పోనీ వదినా, పరేషాన్ కాకు. ముత్తయ్య అన్న చేస్తడట. ట్రాలీ తోవల ఉన్నది."

"ట్రాలీ వస్తే వస్తది. నిలబడ్తది. అందాక నా వైర్ల మీద ఎవ్వలు చెయ్యేసినా ఆ చెయ్యి నాకియ్యాలె," అంది నవత. బెంజమిన్ కట్టుకున్న చేతులు ఇంకాస్త గట్టిగా కట్టుకున్నాడు.

ఆమె మీటరు తెచ్చింది. కొంగు దోపి జీపు బానెట్ మీదికి వంగింది. కంప్యూటర్ దగ్గర ఒక మొన, అవతలి చివర ఇంకో మొన. ఒక్కో వైరుకూ మీటరు కీచుమంటోంది. కీచుమన్నప్పుడల్లా ఆమె మొగుడి వైపు తిరిగి చూస్తోంది. మాట్లాడటం లేదు. మాట్లాడితేనే బాగుండేదని శ్యాంసుందర్‌కు అనిపించింది.

కామ్ సెన్సర్ వంతు వచ్చింది. కరెంటు వైరు సరిగ్గానే ఉంది. ఎర్త్ ఉండాల్సిన చోట మీటరు మూగబోయింది. పక్క పిన్నుకు తాకిస్తే కీచుమంది. కబురు వైరు ఎర్త్ జాగాలో, ఎర్త్ వైరు కబురు జాగాలో కూర్చున్నాయి. పిన్నులు ఊడలేదు. ఎవరో తీసి, తారుమారు చేసి, శుభ్రంగా మళ్లీ గుచ్చారు. సెన్సర్ నోరు కట్టేశాక ఏ సిలిండర్ వంతు వచ్చిందో కంప్యూటర్‌కు తెలిసేదెట్లా? అందుకే అది నిప్పు వేయడం లేదు.

కేక వేయబోయి ఆగింది. కేక వేస్తే అతను కేకనే తప్పు పడతాడు. గొంతులో బెల్లం కలుపుకుని మామ వైపు తిరిగింది.

"మామా, నేను ఊరికి పోయినంక బండి ఏమన్న తిక్క జేసిందా?"

రాజయ్య పొడుం పీల్చి హుషారయ్యాడు. "చేసింది బిడ్డా! కంప్యూటర్‌కు తగిలించిన ల్యాప్‌టాప్ తెర మీద చూస్తే వాల్వుల లెక్క ముందుకు పోవాల్సింది ఎనుకకు పోతున్నదని వీడు మస్తు పరేషాన్ అయిండు. నేనే చెప్పిన. మిల్లుల నేను చేసిందంత గదే పని. మోటర్ ఉల్టా తిరిగితే రెండు వైర్లు మార్చాలె. సక్కగ తిరుగుతది."

"మరి మార్చిండా?"

"బాపూ, జర ఊకో," అన్నాడు శ్యాంసుందర్.

"ఎందుకు ఊకుంట? మార్చిండు! ముందు యాక్చువేటర్‌ది మార్చిండు. ఫరక్ పడలే. గప్పుడు దాని పక్క మూడు వైర్లదాంట్ల రెండు మార్చిండు."

"మార్చినంక?"

"మార్చినంక..." రాజయ్య చేతిలో పొడుం చిటికె ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. "మార్చినంక అందుకోలే."

నవత మీటరు పక్కన పడేసింది.

"అది దూది మిల్లు మోటరా?" నవత గొంతు లేచింది. "యాక్చువేటర్‌ల ఉన్నది ఉత్త తీగచుట్ట, వైర్లు ఎట్ల పెట్టినా దానికొక్కటే. సెన్సర్‌కు మూడూ మూడు పనులు. తెర మీద ఉల్టా వస్తే కంప్యూటర్‌ల సెట్టింగు మార్చాలె, ప్లగ్గు ఊడబీకుతరా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నువ్వు పెరికి నా చేతులనంటవా? చెయ్యి. నువ్వే చెయ్యి. ఎట్ల పీకినవో అట్లనే పెట్టు."

అతను పెట్టాడు. ఆమె ల్యాప్‌టాప్‌లో ఒక గడి మార్చింది. బెంజమిన్ తాళం తిప్పాడు. ఇంజను ఠక్కున అందుకుంది. తెర మీద వాల్వుల లెక్క బుద్ధిగా ముందుకు నడిచింది.

"దేవునికి స్తోత్రం," అన్నాడు బెంజమిన్.

"హమ్మయ్య, సెట్టయింది," అన్నాడు శ్యాంసుందర్ చేతులు తుడుచుకుంటూ.

నవత చెయ్యి చాచి తాళం తిప్పేసింది. ఇంజను ఆగింది. తాళంచెవి ఆమె గుప్పిట్లోకి పోయింది.

"దానంతటదే సెట్టయిందా?"

"అరె, అయిందేదో అయింది గద. ఇంట్లనే మాట్లాడుకుందాం."

"అన్నప్పుడు ఇంట్లనే అన్నవా? కరీంనగర్ దాక ఇనబడేటట్టు అన్నవు. ఫోన్ తియ్యి. స్పీకర్ పెట్టు."

బయట ట్రాలీ వచ్చి హారన్ కొట్టింది. శ్యాంసుందర్ తండ్రి వైపు చూశాడు. రాజయ్య పొడుం డబ్బా మూత బిగించే పనిలో పడ్డాడు. బెంజమిన్ వైపు చూశాడు.

"వదినె అడిగింది న్యాయమే అన్నా," అన్నాడు బెంజమిన్. "నేను గూడ నమ్మిన గద."

ట్రాలీ మళ్లీ హారన్ కొట్టింది. శ్యాంసుందర్ ఫోను తీశాడు. అవతల ముత్తయ్య గొంతు గరగరమంది: "ఆఁ, చెప్పు తమ్మీ. ట్రాలీ ఎల్లిందా?"

"లేదన్నా. ట్రాలీ వద్దు." నవత కళ్లు రెప్ప వేయడం లేదు. "వైరింగు మంచిగనే ఉండె. ఒక్క పిన్ను గూడ ఊసలే. నేనే సెన్సర్ వైర్లు ఉల్టా పెట్టిన. పెట్టి, నా పెండ్లాం మీద ఏసిన. తప్పు ఆమెది గాదు, నాది."