ఆదివారమా, సోమవారమా

మగ్దలీనమ్మ కెజియా గౌన్లు మడిచి సంచి అడుగున పెట్టింది. పైన పౌడరు డబ్బా, పాలసీసా, ఊయల కట్టే పాత చీర. తల్లితో మూడు రోజుల పెళ్ళికి పోయే కెజియాకు ఊయల చీర ఎందుకనుకుంది గానీ, అది లేకుండా పిల్ల నిద్రపోదులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. సంచి జిప్పు వేసి, మళ్ళీ తీసి, దువ్వెన ఉందో లేదో చూసి, మళ్ళీ వేసింది.

మైపాడు దగ్గర రొయ్యల షెడ్డులో, ఐసు నీళ్ళలో తలలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ళు వంగిపోయాయి. ఆ పని మానేశాక, షెడ్డుకు పోయే ఆడవాళ్ళ పిల్లల్ని తన రేకుల ఇంట్లో చూసుకుంటోంది. మొదట్లో పిల్లలు అటు తిరగగానే తల్లులు జారుకునేవాళ్ళు. పిల్లలు సాయంత్రం దాకా దారి వైపే చూస్తూ గడప వదిలేవాళ్ళు కాదు. ఆ చూపులు ఆమెకు అన్నం సహించనిచ్చేవి కావు.

"చెప్పకుండా పోబాకండి మే," అని కట్టడి చేసింది. "పోతన్నా అని చెప్పి, రెండు చూపించండి. ఎర్ర గ్లాసా, నీలం గ్లాసా? ఏరుకునే పనిలో పడి ఏడుపు మర్చిపోతారు. చేతిలో లేనిది మాత్రం చూపించబాకండి. ఒక్కసారి మోసపోతే ఇంక నమ్మరు."

అందరికంటే బాగా నేర్చుకున్నది కెజియా తల్లి రెజీనా. కెజియా ఇంకా పాకుతున్నప్పుడే ఈ ఇంటికి వచ్చింది. ఇప్పుడు తల్లినీ ఈమెనీ ఇద్దర్నీ అమ్మా అనే పిలుస్తుంది. నిద్రలో మగ్దలీనమ్మ వంకర వేలే పట్టుకుంటుంది.

పిల్లను తీసుకుపోవడానికి రెజీనా ఆటోలో వచ్చింది.

"ఏ గ్లాసు తీసుకుపోతావు తల్లీ?"

కెజియా చాలాసేపు చూసి నీలం గ్లాసు లాక్కుంది. ఎర్రదాన్ని మగ్దలీనమ్మ ఒళ్ళో పెట్టి, "మళ్ళొచ్చి ఇది," అంది.

"ఎప్పుడొస్తారు మే?"

రెజీనా వంగి చెప్పు సరిచేసుకుంటోంది. "ఆదివారం రమ్మంటావా అత్తా, సోమవారమా? నువ్వే చెప్పు."

మగ్దలీనమ్మ ముఖం విప్పారింది. ఆమెను అడిగి ఏదైనా చేసేవాళ్ళు ఎవరున్నారు! "ఆదివారమే. చర్చి నుంచి వస్తా వస్తా చేప తెచ్చి పిల్లకు ముళ్ళు తీసి పెడతా."

"సరే, ఆదివారం," అంది రెజీనా, తలెత్తకుండానే.

ఆటో ఇందుకూరుపేట వైపు తిరిగింది.

సాయంత్రం, రెజీనాకు గది అద్దెకిచ్చిన వెంకటశేషమ్మ వచ్చింది.

"అక్కా, రెజీనా చాపలు వదిలేసి పోయింది. నీకేమన్నా పనికొస్తాయా?"

"వదిలేసేదేంది? ఆదివారం వస్తది గదా."

"ఆ, వస్తది! పొద్దున్నే తాళం నా చేతికిచ్చేసిందా లేదా? మద్రాసులో మొగుడి దగ్గరే ఇంక. కూతురల్లే చూసుకున్నావు, నీకే చెప్పలా?" నవ్వుతూ అన్నదల్లా, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

మగ్దలీనమ్మ ఫోను చేసింది. స్విచ్ ఆఫ్. ఊయల చీర తనే మడిచి పెట్టింది. ఆదివారమా, సోమవారమా అని రెండు చూపిస్తే తనూ పసిపిల్లలా సంతోషంగా ఒకటి ఏరుకుంది. ఆ రెండింటిలో ఒక్కటీ రెజీనా చేతిలో లేదు.

అయినా ఆదివారం చేప తెచ్చింది. వంకర వేళ్ళతో కష్టపడి ముళ్ళు తీసింది. ఎర్ర గ్లాసు కడిగి, పిల్లకు అందేంత ఎత్తులో, కిటికీలో బోర్లించింది.

కెజియా ఆ ఆదివారం రాలేదు. సోమవారం రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.