అరికాలిలో చందమామ

గురువారం నాటి పెండ్లికి ఏసోబు కాగితం మీద రాసుకున్న పనులు:

పందిరికి బొంగులు తేవాలి.
లక్డీకాపూల్ దఫ్తరులో సెలవు అడగాలి.
అల్లుడి ఉంగరానికి కొలత తీయాలి.
పంజగుట్ట చర్చి గోడలకు సున్నం వేయించాలి.
గోరింటాకు లేదని అమ్మకు చెప్పాలి.

మొదటి నాలుగింటికీ ఏసోబు భయపడలేదు. 1941 మే నెలలో, అమీర్‌పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో అగ్గి పెట్టింది అయిదోదే. గోరింటాకు పూర్వాచారమనీ, క్రైస్తవ పెండ్లికూతురికి తగదనీ పాస్టరు యేసురత్నం గారు తేల్చేశారు. గుంటూరు వైపు మనిషి; ఒకసారి కాదంటే కాదు. ఆయన కాదంటే చర్చిలో పెండ్లి లేదు.

"ఉత్త చేతులతోటి ఉంగరం తొడిగించుకోను నాయినా," అని ఏసోబు కూతురు నవోమి అన్నం మానేసింది. రెండు రోజులైంది.

ఏసోబు తల్లి జీవమణి పెరట్లో ఆకు దూసి, చింతపండు, కాచు వేసి అప్పటికే నూరేసింది. ఆ ముద్దను ఏం చేయాలో తోచక గిన్నె మీద మూతపెట్టి కూచుంది.

సోమవారం మధ్యాహ్నం పెండ్లి విషయం మాట్లాడడానికి పాస్టరు గారు పంజగుట్ట నుంచి ఎండలో నడిచి వచ్చారు. ఏసోబు ఇంకా దఫ్తరు నుంచి రాలేదు.

"అరికాళ్లు మండిపోతున్నాయమ్మా."

"ఆకు పెడ్త అయ్యగారూ. జర కండ్లు మూస్కోండ్రి, సల్లబడ్తది."

ఏ ఆకని ఆయన అడగలేదు.

సెలవు దొరికిన సంతోషంతో ఏసోబు వచ్చేసరికి పాస్టరు గారు కుర్చీలో గురక పెడుతున్నారు. పీట మీద చాపిన పాదాలకు ముద్ద ఎండిపోయి ఉంది. అరికాలి నడుమ గుండ్రంగా చందమామ, దాని చుట్టూ చుక్కలు, పది వేళ్లకు పది టోపీలు.

"అమ్మా, ఏం ఆకు ఇది?"

"కాళ్ల మంటకు ఇంకేం పెడ్తరు బిడ్డా? గోరింటాకే. నూరింది పారెయ్య బుద్ధి కాలే."

"మంటకైతే మొత్తం పూయాలె గాని, గీ చందమామలెందుకు?"

"నా చెయ్యికి గట్లనే వస్తది."

ఏసోబు నీళ్లతో కడిగాడు. పోలేదు. ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోమాడు. ఎరుపు ఇంకా ముదిరింది.

"పులుపు తగిలితే మంచిగ పండుతది," అని జీవమణి అప్పుడు చెప్పింది.

ఆ తోముడుకి పాస్టరు గారు లేచారు. ఒక్కో కాలూ ఎత్తి చూసుకున్నారు.

"ఏంటమ్మా ఇది? ఎన్నాళ్లుంటుంది?"

"నెల దినాలు. మీ ఒంట్ల ఉడుకు మస్తున్నది అయ్యగారూ."

చెప్పులు చర్చి గుమ్మం బయటే విడవాలి. ప్రార్థనకు ఆయన బలిపీఠం వైపు తిరిగి మోకరిస్తే, అరికాళ్లు జనం వైపు తిరుగుతాయి. ఏసోబుకు ముందు తట్టింది అదే. పాస్టరు గారు కూడా అదే ఆలోచిస్తున్నట్టున్నారు.

"మేజోళ్లు వేసుకుంటే?" అన్నారు.

"గీ ఎండలనా? అడగనోళ్లు సుత అడుగుతరు," అంది జీవమణి.

ఆయన పక్కనున్న గిన్నె వైపు చూశారు. "గిన్నెలో ఇంకా ఉందా?"

"పెండ్లిపిల్లకు సరిపోను ఉన్నది."

"ఒక్క పిల్లకే చాలదమ్మా. ఇంకా నూరండి. పెళ్లికొచ్చే ఆడవాళ్లందరికీ పెట్టండి. అంత ఎరుపులో నా కాళ్లెవరు చూస్తారు?"

లోపలి నుంచి నవోమి గొంతు వినిపించింది. "అవ్వా, బువ్వ పెట్టు."

గురువారం చర్చి నిండా ఎర్రటి చేతులే. అయినా పాస్టరు గారు మోకరించగానే అందరి కళ్లూ ఆ రెండు చందమామల మీదే పడ్డాయి. వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు ముందు వరుస దాకా పాకింది. ఎప్పుడూ పావుగంట సాగే ప్రార్థన ఆనాడు మూడు ముక్కల్లో ఆమెన్‌కు చేరింది. నవోమి ఎర్రటి చేయి చాపి ఉంగరం తొడిగించుకుంది.

బయట చెప్పులు వేసుకుంటూ పాస్టరు గారు జీవమణితో మెల్లగా అన్నారు: "మంట మాత్రం తగ్గిందమ్మా."

జీవమణి ఇప్పుడు లేదు. మీ ఇంట్లో ఎవరైనా అరచేతి నడుమ గుండ్రంగా ముద్ద పెడుతుంటే, చందమామ లేకుండా పెట్టడం చేతకాని ఆ ముసలమ్మను ఒక్కసారి తలుచుకోండి.